కంప్యూటర్ ఆటలకు ప్రచారం ఎందుకు తక్కువ? వేదికల ఆర్థికశాస్త్రంలో ఒక పాఠం

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 రెండు రకాల వేదికలు: అంగడి, నుమాయిష్
7.3 కన్సోల్ వ్యాపారం లెక్క
7.4 ఉమ్మడి ప్రచారం ఎందుకు నిలవలేదు?
7.5 రెండు పడవలపై మైక్రోసాఫ్ట్
7.6 హైదరాబాద్‌లో తయారైన రెండు ఆటలు
7.7 అంగడి మధ్యలో పెద్ద దుకాణం: స్టీమ్
7.8 ప్రచారం లేకపోవడం వల్ల లాభనష్టాలు
7.9 సారాంశం
7.10 పారిభాషిక పదాలు
7.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• కన్సోల్‌కూ కంప్యూటర్‌కూ మధ్య ఉన్న వ్యాపారపరమైన తేడాను వివరించగలుగుతారు.
• ప్రచారానికి ఎవరు, ఎందుకు ఖర్చు పెడతారో సొంతంగా లెక్క వేయగలుగుతారు.
• 'ఖర్చు లేని భాగస్వామి' సమస్యను ఉదాహరణతో చెప్పగలుగుతారు.
• ప్రకటనలు ఎక్కువగా ఉండడానికీ, వస్తువు విలువకూ ఉన్న సంబంధాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.

7.1 పరిచయం

వీడియో గేమ్ ఆడడానికి ఈనాడు ప్రధానంగా మూడు సాధనాలు ఉన్నాయి. అవి సెల్‌ఫోన్, కన్సోల్, కంప్యూటర్. కన్సోల్ అంటే టీవీకి తగిలించి, చేతిలో మీటల పరికరం పట్టుకొని ఆడే పెట్టె. సోనీ వారి ప్లేస్టేషన్, మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్, నింటెండో వారి స్విచ్ ఈ కోవకు చెందినవి.

ఈ మూడింటిలో సెల్‌ఫోన్ గురించి మీకు కొత్తగా చెప్పవలసింది లేదు. జైనూర్ వంటి మండల కేంద్రంలోనైనా ఫోన్ల దుకాణం ముందు కంపెనీ బోర్డు కనిపిస్తుంది. కన్సోల్ సంగతి వేరు. ప్లేస్టేషన్ 5 భారతదేశంలో 2021 ఫిబ్రవరి 2న విడుదలైనప్పుడు దాని ధర 49,990 రూపాయలు. ఏజెన్సీ గ్రామాల్లో ఆ ధర పెట్టి ఆటపెట్టె కొనే కుటుంబాలు అరుదు. అయినా ఆ పేరు విన్న విద్యార్థులు మీలో చాలామందే ఉంటారు. అదే విద్యార్థి ఇంట్లోనో, కళాశాల ల్యాబ్‌లోనో ఒక కంప్యూటర్ ఉండవచ్చు. ఆ కంప్యూటర్ కూడా ఒక ఆటల సాధనమేనని అతనికి ఏ ప్రకటనా చెప్పి ఉండదు. కంప్యూటర్‌కు 'విడుదల రోజు' ఉండదు. దానికి కౌంట్‌డౌన్ ఉండదు, ఆ పెట్టెను ఎత్తి చూపే సినిమా నటుడూ ఉండడు.

దీనికి సాధారణంగా మూడు కారణాలు చెబుతారు. కంప్యూటర్ మీద ఆడేవారు తక్కువ అనేది మొదటిది. ఇది నిజం కాదు. కంప్యూటర్ ఆటలు అమ్మే 'స్టీమ్' అనే ఒక్క దుకాణంలోనే 2025 మార్చిలో ఒకే సమయంలో 4 కోట్ల మందికి పైగా లాగిన్ అయి ఉన్నారు. కంప్యూటర్ ఆటలు నాణ్యతలో తక్కువ అనేది రెండవది. ఇదీ నిలవదు. ఏ యంత్రానికి సంబంధించిన ఆటైనా తయారయ్యేది చివరకు కంప్యూటర్ మీదనే. అనేక పెద్ద ఆటలు రెండింటిమీదా వస్తాయి. దొంగ కాపీల బెడద అనేది మూడవది. ఇందులో కొంత నిజం ఉంది. దొంగ కాపీ సులువుగా దొరికే చోట ప్రచారానికి డబ్బు పెట్టడానికి ఆట తయారీదారు వెనుకాడతాడు. కానీ పాత కన్సోళ్ల ఆటలకూ దొంగ డిస్కులు వచ్చాయి. అయినా వాటి ప్రచారం ఆగలేదు. కాబట్టి అసలు కారణం మరొకటి ఉండాలి.

ఈ యూనిట్‌లో మనం నిరూపించదలచిన సూత్రం ఇది: ఒక వేదికమీద జరిగే ప్రతి అమ్మకంలో ఎవరికి వాటా వస్తుందో, ఆ వేదికకు వారే చాటింపు వేయిస్తారు. అటువంటి వాటాదారు లేని వేదికకు, అది ఎంత పెద్దదైనా, చాటింపు ఉండదు.

7.2 రెండు రకాల వేదికలు: అంగడి, నుమాయిష్

పై సూత్రం అర్థం కావడానికి మీకు తెలిసిన రెండు చోట్లను పోల్చి చూడండి.

మొదటిది వారానికి ఒక రోజు జరిగే అంగడి. కూరగాయలవారు, బట్టలవారు, పప్పులు, కారం అమ్మేవారు, పశువులు తోలుకొచ్చేవారు ఎవరి ఖర్చుతో వారు వస్తారు. ఎవరి గొంతుతో వారు తమ సరుకును చెప్పుకొంటారు. మొత్తం అంగడి గురించి పత్రికలో ప్రకటన ఇచ్చేవారు లేరు. గ్రామ పంచాయతీ తైబజారు వసూలు చేయవచ్చు. కానీ తైబజారు కూర్చున్న చోటుకు కట్టేది, అమ్మకంలో వాటా కాదు. టమాటాలు పది కిలోలు అమ్మినా, వంద కిలోలు అమ్మినా ఆ రుసుములో మార్పు ఉండదు. కనుక అంగడికి వచ్చే జనం రెట్టింపు కావాలని సొంత డబ్బు ఖర్చు పెట్టేంత ఆసక్తి ఎవరికీ ఉండదు.

రెండవది హైదరాబాద్ నాంపల్లిలో ప్రతి ఏటా జరిగే నుమాయిష్. ఇది 1938లో మొదలైంది. దీనికి చుట్టూ ప్రహరీ, ప్రవేశానికి టికెట్టు ఉన్నాయి. లోపల దుకాణం పెట్టాలంటే ఎగ్జిబిషన్ సొసైటీ అనుమతి కావాలి, అద్దె కట్టాలి. జనం ఎంత ఎక్కువ వస్తే టికెట్ల రాబడి అంత. జనం వస్తారనే నమ్మకం ఉంటేనే దుకాణదారులు అద్దె కట్టి ముందుకు వస్తారు. కాబట్టి నుమాయిష్‌కు ప్రచారం చేసుకోవడం నిర్వాహకులకు లాభమే.

కన్సోల్ నుమాయిష్ వంటిది. దానికి ఒక యజమాని, ఒక ప్రహరీ, ఒక ద్వారం ఉన్నాయి. కంప్యూటర్ అంగడి వంటిది.

కంప్యూటర్ ఇలా అంగడిగా మారడం వెనుక ఒక చరిత్ర ఉంది. ఐబీఎం సంస్థ 1981లో తన పర్సనల్ కంప్యూటర్‌ను బయట దొరికే విడిభాగాలతో రూపొందించింది. దాని అమరికను ఇతరులు అనుసరించడం కష్టం కాలేదు. కొద్ది కాలంలోనే కాంపాక్ వంటి సంస్థలు అదే నమూనాలో యంత్రాలు తయారు చేశాయి. ఆ తరువాత ఈ వేదిక ఐబీఎం చేతిలో లేకుండా పోయింది. నేడు ఒకే కంప్యూటర్‌లో ప్రాసెసర్ ఒకరిది, గ్రాఫిక్స్ కార్డు మరొకరిది, ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకొకరిది. బిగించి అమ్మేది వేరొకరు. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు విడివిడిగా కొని, అక్కడే బిగింపించుకొని ఇంటికి తెచ్చుకొన్నవారు ఎందరో. ఆ యంత్రానికి యజమాని దాన్ని కొన్నవాడే. తయారీదారు పేరు చెప్పమంటే అతను ఒక్క పేరు చెప్పలేడు.

7.3 కన్సోల్ వ్యాపారం లెక్క

కన్సోల్ సంస్థకు ముఖ్యమైన ఆదాయం పెట్టె అమ్మకంలో లేదు. పెట్టెను ఖర్చుకు సమానంగానో, కొంత నష్టానికో అమ్మడం ఈ పరిశ్రమలో తరచూ కనిపిస్తుంది. 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3 ను సోనీ మొదట్లో నష్టానికే అమ్మింది. ఆ నష్టం ఆటల మీద పూడుతుంది. ఆ పెట్టె మీద ఎవరి ఆట అమ్ముడైనా అందులో యజమానికి వాటా ఉంటుంది. కన్సోళ్ల ఆన్‌లైన్ దుకాణాల్లో ఈ వాటా సాధారణంగా 30 శాతం.

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. ఇందులోని అంకెలు అవగాహన కోసం మాత్రమే.

కన్సోల్ సంస్థ:
పెట్టె తయారీ ఖర్చు – 42,000 రూ.
అమ్మకం ధర – 40,000 రూ.
పెట్టె మీద నష్టం – 2,000 రూ.
ఒక ఆట ధర 4,000 రూ.; అందులో 30 శాతం వాటా – 1,200 రూ.
ఒక కొనుగోలుదారు 5 ఆటలు కొంటే వచ్చేది – 6,000 రూ.
నికర లాభం – 4,000 రూ.

కంప్యూటర్ బిగించి అమ్మే సంస్థ:
ఖర్చు – 47,500 రూ.
అమ్మకం ధర – 50,000 రూ.
లాభం – 2,500 రూ.
ఆ యంత్రం మీద కొనే ఆటల్లో వాటా – సున్న

రెండు లెక్కలనూ జాగ్రత్తగా గమనించండి. కన్సోల్ కొన్న వ్యక్తి ఆటలు కొనకపోతే సంస్థకు 2,000 రూపాయల నష్టం. కొంటేనే లాభం. ఎన్ని ఎక్కువ కొంటే అంత ఎక్కువ లాభం. అందువల్ల అతనిలో ఆటలపై ఆసక్తి పెంచడం ఆ సంస్థకు బతుకుతెరువు. కంప్యూటర్ అమ్మిన సంస్థకు ఆ పట్టింపు లేదు. కొన్నవాడు దానిమీద ఆటలాడినా, ఉద్యోగ దరఖాస్తులు నింపినా, గుమ్మడి గింజల వ్యాపారం లెక్కలు రాసుకొన్నా ఆ సంస్థకు మిగిలేది అదే 2,500 రూపాయలు.

ఈ పద్ధతి వెనుక ఒక చేదు అనుభవం ఉంది. అమెరికాలో అటారీ సంస్థ 1977లో తెచ్చిన కన్సోల్‌కు తగిన ప్రహరీ లేదు. 1979లో అటారీ నుంచి బయటికి వచ్చిన ప్రోగ్రామర్లు మరికొందరితో కలిసి యాక్టివిజన్ అనే సంస్థను స్థాపించి, అదే పెట్టెకు సొంతంగా ఆటలు తయారు చేశారు. వారి ఆటలు మంచివే. కానీ ఆ దారిలో మరెందరో వచ్చి నాసిరకం ఆటలతో మార్కెట్‌ను నింపారు. కొనేవారి నమ్మకం పోయింది. ఇతర కారణాలూ తోడై 1983లో అమెరికా వీడియో గేమ్ వ్యాపారం కుప్పకూలింది. 1985లో అమెరికాలో అడుగుపెట్టిన నింటెండో ఈ పాఠం నేర్చుకొంది. తన అనుమతి లేని ఆట నడవకుండా పెట్టెలో ఒక తాళపు చిప్ పెట్టింది. ఒక్కొక్క ప్రచురణ సంస్థ ఏడాదికి ఎన్ని ఆటలు విడుదల చేయవచ్చో కూడా పరిమితి విధించింది. నేటి కన్సోళ్లన్నీ ఈ నమూనాకు వారసులే.

ఒకవైపు ఆడేవారిని, మరొకవైపు ఆటలు చేసేవారిని కలిపి, ఒకరివల్ల మరొకరికి విలువ పెంచే ఇటువంటి వ్యాపారాన్ని ఆర్థికశాస్త్రంలో 'ఇరుపక్షాల విపణి' అంటారు. 2014లో నోబెల్ బహుమతి పొందిన ఫ్రెంచ్ ఆర్థికవేత్త ఝాన్ తిరోల్, తన సహచరుడు రోషేతో కలిసి 2003లో ప్రచురించిన వ్యాసం ఈ అంశంలో పునాది వంటిది. ఒక పక్షానికి తక్కువ ధర పెట్టి ఆకర్షించి, రెండవ పక్షం నుంచి రాబట్టుకోవడం ఈ విపణి లక్షణం. ప్రచారం కూడా ఆ ఆకర్షణలో భాగమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
పై లెక్కలో కొనుగోలుదారు ఒక్క ఆట మాత్రమే కొంటే కన్సోల్ సంస్థకు లాభమా, నష్టమా? ఎంత?

7.4 ఉమ్మడి ప్రచారం ఎందుకు నిలవలేదు?

'ఒక్క యజమాని లేకపోతేనేం, అందరూ కలిసి ప్రచారం చేసుకోవచ్చు కదా' అనే ప్రశ్న మీకు రావచ్చు. ఇది సరైన ప్రశ్న.

చేలకు వెళ్లే డొంకదారి వానకు కోసుకుపోయిందనుకోండి. ఐదుగురు రైతుల చేలు ఆ దారి మీదనే ఉన్నాయి. బాగు చేయడానికి 10,000 రూపాయలు కావాలి. బాగైతే ఒక్కొక్కరికి 3,000 రూపాయల మేలు. ఐదుగురికీ కలిపి 15,000 రూపాయల మేలు, 10,000 రూపాయల ఖర్చు. కాబట్టి పని లాభసాటిదే. కానీ ఒక్కడే ముందుకు వస్తే అతనికి 7,000 రూపాయల నష్టం. మిగిలిన నలుగురూ వేసుకొని చేయిస్తే, పైసా ఇవ్వనివాడికీ 3,000 రూపాయల మేలు కలుగుతుంది. అందువల్ల ప్రతివాడూ పక్కవాడి వైపు చూస్తాడు. ఊళ్లో అయితే పెద్దమనిషి మాటో, నలుగురిలో పడే మాటో ఈ చిక్కును విప్పుతుంది. కంపెనీల మధ్య అటువంటి కట్టుబాటు లేదు. అమెరికన్ ఆర్థికవేత్త మాన్సర్ ఓల్సన్ 1965లో సామూహిక చర్య గురించి రాసిన గ్రంథంలో ఈ సమస్యనే విశ్లేషించాడు. దీనిని మనం 'ఖర్చు లేని భాగస్వామి' సమస్య అందాం.

కంప్యూటర్ ఆటల రంగంలో ఇది అక్షరాలా జరిగింది. 2008లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఎన్‌విడియా, ఏఎండీ, డెల్, యాక్టివిజన్, ఎపిక్ వంటి సంస్థలు కలిసి 'పీసీ గేమింగ్ అలయన్స్' అనే కూటమిని ఏర్పాటు చేశాయి. కంప్యూటర్ ఆటల తరఫున ఒక గొంతు వినిపించడం దాని ఉద్దేశాల్లో ఒకటి. కొన్నేళ్లకే పెద్ద సభ్యులు కొందరు తప్పుకొన్నారు. 2014లో అది పేరు మార్చుకొని 'ఓపెన్ గేమింగ్ అలయన్స్' అయింది. సాధారణ కొనుగోలుదారుకు ఈ రెండు పేర్లూ తెలియవు. ఆ సభ్యుల్లో చాలామంది ఒకరికొకరు పోటీదారులు. ఇంటెల్‌కూ ఏఎండీకీ ప్రాసెసర్లలో పోటీ, ఎన్‌విడియాకూ ఏఎండీకీ గ్రాఫిక్స్ కార్డుల్లో పోటీ. కంప్యూటర్ ఆటలు పెరగాలని అందరూ కోరుకొన్నా, తన డబ్బుతో పోటీదారు అమ్మకం పెరగాలని ఎవరూ కోరుకోరు.

అయితే ఈ సంస్థలు ప్రచారం చేయవని కాదు. 1991లో మొదలైన 'ఇంటెల్ ఇన్‌సైడ్' ప్రపంచంలో పేరొందిన ప్రచారాల్లో ఒకటి. కానీ అది ఇంటెల్ కోసం చేసిన ప్రచారం. గ్రాఫిక్స్ కార్డుల సంస్థలు కార్డుల గురించి, ల్యాప్‌టాప్ సంస్థలు తమ గేమింగ్ ల్యాప్‌టాప్‌ల గురించి చెప్పుకొంటాయి. ఆ ప్రకటనల్లో మెమరీ, గిగాహెర్ట్జ్, ఫ్రేముల లెక్కలు ఉంటాయి. అవి ముందే తెలిసినవారికి తెలియజెప్పే ప్రకటనలు. అంగడిలో టమాటాలవాడు టమాటాల కోసం అరుస్తాడు కానీ 'అంగడికి రండి' అని అరవడు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. కన్సోల్ ప్రకటనలో 'ఈ ఆట ఈ పెట్టె మీద నడుస్తుంది' అని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. కంప్యూటర్ ఆట విషయంలో అలా చెప్పడం కుదరదు. ఒకే ఆట ఒకరి యంత్రంలో హాయిగా నడుస్తుంది, మరొకరి యంత్రంలో ఆగి ఆగి నడుస్తుంది, ఇంకొకరి యంత్రంలో తెరుచుకోనే తెరుచుకోదు. 'కనీస అవసరాలు' అనే చిన్న పట్టిక చదివి అర్థం చేసుకోవలసిన భారం కొనేవాడి మీదనే పడుతుంది. ముప్పై సెకన్ల ప్రకటనలో ఆ పట్టికకు చోటు లేదు.

7.5 రెండు పడవలపై మైక్రోసాఫ్ట్

కంప్యూటర్ ఆటల్లో అత్యధిక భాగం విండోస్ మీద నడుస్తాయి. మరి విండోస్ యజమాని మైక్రోసాఫ్ట్ ఎందుకు చాటింపు వేయించలేదు?

విండోస్ లైసెన్సు రుసుము తైబజారు వంటిది. కంప్యూటర్ ఒక్కొక్కదానికి ఒకసారి వస్తుంది. ఆ యంత్రం మీద వంద ఆటలు కొన్నా, ఒక్కటీ కొనకపోయినా అందులో తేడా లేదు. ఎవరైనా విండోస్ మీద నడిచే ఆట తయారు చేసి, మైక్రోసాఫ్ట్‌కు వాటా ఇవ్వకుండానే అమ్ముకోవచ్చు. ఎక్స్‌బాక్స్ మీద అలా కుదరదు. 2001 నుంచి మైక్రోసాఫ్ట్‌కు ఈ రెండు వేదికలూ ఉన్నాయి. ప్రచారానికి పెట్టే రూపాయి ఎటు వెళుతుందో ఊహించడం కష్టం కాదు.

దీనికి మంచి ఉదాహరణ 'హేలో' అనే ఆట. 1999లో ఇది కంప్యూటర్ ఆటగానే లోకానికి పరిచయమైంది. మ్యాక్‌వరల్డ్ సభలో స్టీవ్ జాబ్స్ చేతుల మీదుగా దీన్ని ప్రకటించారు. 2000లో మైక్రోసాఫ్ట్ దాని తయారీ సంస్థ బంగీని కొనేసింది. 2001లో ఎక్స్‌బాక్స్‌తో పాటు ఆ పెట్టెకు తలమానికంగా ఆ ఆట విడుదలైంది. కంప్యూటర్‌కు మాత్రం 2003లో గానీ రాలేదు. కంప్యూటర్‌కు దక్కవలసిన ఆకర్షణను పెట్టెకు మళ్లించడం యజమానికి లాభం. దీనిలో కుట్ర వెతకనక్కరలేదు, లెక్క చాలు.

మన దేశంలోనూ ఇదే కనిపించింది. 2006లో ఎక్స్‌బాక్స్ 360 ని భారతదేశానికి తెచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ సినీ నటుడు అక్షయ్ కుమార్‌ను, క్రికెటర్ యువరాజ్ సింగ్‌ను ప్రచారకర్తలుగా పెట్టుకొంది. అదే ఏడాది కంప్యూటర్ ఆటల కోసం 'గేమ్స్ ఫర్ విండోస్' అనే ముద్రను కూడా ప్రవేశపెట్టింది. దానికి అనుబంధంగా వచ్చిన ఆన్‌లైన్ సేవ ఆడేవారిని విసిగించింది. దాని దుకాణం 2013 ఆగస్టులో మూతపడింది. ఎక్స్‌బాక్స్ మాత్రం కొనసాగింది.

7.6 హైదరాబాద్‌లో తయారైన రెండు ఆటలు

ఇప్పుడు మన రాజధానిలోనే తయారైన రెండు ఆటలను పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండూ దాదాపు ఒకే కాలానివి. ఒకటి కంప్యూటర్‌కు, మరొకటి కన్సోల్‌కు.

మొదటిది 'గజిని – ది గేమ్'. ఆమిర్ ఖాన్ నటించిన హిందీ చిత్రం ఆధారంగా హైదరాబాద్‌లోని ఎఫ్‌ఎక్స్ ల్యాబ్స్ దీన్ని కంప్యూటర్ కోసం తయారు చేసింది. 2008లో చిత్రంతో పాటే వార్తల్లోకి వచ్చింది. ఆ వార్తలకు ఆధారం సినిమా. హీరో పేరు, సినిమా పోస్టరు, సినిమా హడావుడి దానికి తోడయ్యాయి. ఆ ఆట ఏ వేదిక మీద నడుస్తుందో ఆ వేదిక తరఫున దాన్ని భుజాన వేసుకొన్నవారు లేరు. సినిమా హాళ్ల నుంచి వెళ్లిపోయాక ఆట గురించిన మాటా తగ్గిపోయింది.

రెండవది 'హనుమాన్: బాయ్ వారియర్'. హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ దీన్ని ప్లేస్టేషన్ 2 కోసం తయారు చేసింది. 2009లో దీన్ని ప్రచురించింది ఎవరో కాదు, ఆ పెట్టె యజమాని సోనీయే. పూర్తిగా భారతదేశంలో తయారైన మొదటి ప్లేస్టేషన్ 2 ఆటగా దానికి పేరు వచ్చింది. ఆట నాణ్యతను విమర్శకులు పెద్దగా మెచ్చుకోలేదు. అయినా ఒక బహుళజాతి సంస్థ దాని వెనుక నిలబడింది. ఎందుకు? అప్పటికి ప్లేస్టేషన్ 2 పాత పెట్టె. 2000లో పుట్టిన ఆ యంత్రాన్ని ధనిక దేశాల్లో కొనవలసినవారు కొనేశారు. భారతదేశంలో మాత్రం ఇంకా అమ్ముకొనే అవకాశం ఉంది. మన కథానాయకుడు, మన పురాణం ఉన్న ఆట ఒక్కటి ఉంటే, 'ఈ పెట్టె మీ ఇంటికోసమే' అని చెప్పుకోవడానికి వీలవుతుంది. ఆ ఆట మీద సోనీ పెట్టిన డబ్బు ఒక విధంగా పెట్టె ప్రచారానికి పెట్టిన డబ్బే.

ఒకే నగరం, ఒకే తరం పనివారు, ఒకే స్థాయి నైపుణ్యం. తేడా వేదిక యాజమాన్యంలో ఉంది. ఒక ఆటకు అండ వేదిక నుంచి వచ్చింది. మరొక ఆట అండను సినిమా నుంచి అరువు తెచ్చుకోవలసి వచ్చింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
'హనుమాన్: బాయ్ వారియర్'ను ప్రచురించడం వల్ల సోనీకి ఆట అమ్మకం కాక మరే ప్రయోజనం ఉంది? మూడు వాక్యాల్లో రాయండి.

7.7 అంగడి మధ్యలో పెద్ద దుకాణం: స్టీమ్

మన సూత్రం నిజమైతే, కంప్యూటర్ వేదిక మీద కూడా ఎవరైనా అమ్మకంలో వాటా తీసుకోవడం మొదలుపెడితే, అక్కడ చాటింపు మొదలు కావాలి. సరిగ్గా అదే జరిగింది.

వాల్వ్ అనే అమెరికన్ సంస్థ 2003లో స్టీమ్‌ను ప్రారంభించింది. 2005 నుంచి ఇతరుల ఆటలూ అందులో అమ్ముడవుతున్నాయి. వాటా సాధారణంగా 30 శాతం. పండుగ రోజుల భారీ తగ్గింపులు, కొత్త ఆటల ఉత్సవాలు, 2015లో మన రూపాయల్లో ధరలు ఇవన్నీ స్టీమ్ తెచ్చినవే. 2018లో ఎపిక్ సంస్థ 12 శాతం వాటాతో పోటీ దుకాణం తెరిచి, ఆడేవారిని రప్పించడానికి ఉచితంగా ఆటలు పంచడం మొదలుపెట్టింది. 2022లో వాల్వ్ 'స్టీమ్ డెక్' అనే చేతిపెట్టెను తెచ్చింది. వాటా తీసుకొనేవాడు పుట్టగానే ఆకర్షణలూ, పెట్టెలూ, ఉత్సవాలూ పుట్టుకొచ్చాయి.

అయితే ఒక పరిమితి ఉంది. స్టీమ్ చాటింపు ఎక్కువగా స్టీమ్ లోపలే వినిపిస్తుంది. అప్పటికే కంప్యూటర్ మీద ఆడుతున్నవారికి అది చేరుతుంది. కంప్యూటర్ కొని ఆటల్లోకి రమ్మని బయటివారిని పిలిచే పని ఇప్పటికీ ఎవరిదీ కాదు. 2015 నుంచి పెద్ద ప్రదర్శనల వేళ 'పీసీ గేమింగ్ షో' అనే కార్యక్రమం జరుగుతోంది. దాన్ని తలకెత్తుకొన్నది ఒక పత్రిక, ఖర్చుకు తోడ్పడింది ప్రాయోజకులు. సోనీ, నింటెండోలు తమ కార్యక్రమాలను తామే జరుపుకొంటాయి. కంప్యూటర్ తరఫున పత్రికవారు పూనుకోవలసి వచ్చింది.

7.8 ప్రచారం లేకపోవడం వల్ల లాభనష్టాలు

ఈ విషయం మీకెందుకు ముఖ్యమో ఇప్పుడు చూద్దాం.

నష్టం మొదట చెప్పుకొందాం. ప్రచారం లేని చోట అవగాహన పెరగదు. ఆటల తయారీ ఒక వృత్తి అనీ, అందులో చిత్రకారులకూ, కథకులకూ, సంగీతకారులకూ, అనువాదకులకూ పని ఉందనీ తల్లిదండ్రులకు చెప్పేవారు లేరు. తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం 'ఇమేజ్' విధానాన్ని ప్రకటించింది. దాని ఫలితాలు ఎక్కువగా హైదరాబాద్ చుట్టూనే కనిపిస్తాయి. ఉట్నూరు, జైనూర్, కెరమెరి వైపు పిల్లలకు ఆట అంటే ఫోన్‌లో తగిలేదే. తయారైన ఆటకు కూడా ఇదే నష్టం. పూణేలో తయారైన 'రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్' 2017లో ప్రజల నుంచి విరాళాలు కోరినప్పుడు లక్ష్యం చేరలేకపోయింది. 2020 ఆగస్టులో ముందుగా నింటెండో స్విచ్ మీద విడుదలై, నింటెండో ప్రదర్శనలో కనిపించాక ప్రపంచం దృష్టి దానిమీద పడింది. కంప్యూటర్ మీద పుట్టిన ఆటకు వెలుగు కన్సోల్ దగ్గర దొరికింది.

ఇక లాభం. ప్రహరీ లేని చోట చాటింపు ఉండదు, కానీ కాపలాదారు కూడా ఉండడు. కన్సోల్‌కు ఆట చేయాలంటే యజమానితో ఒప్పందం, ప్రత్యేక పరికరాలు, పరీక్షలు, ఆమోదం అవసరం. కంప్యూటర్ మీద ఆట చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. 2014 నుంచి ఉచితంగా, మూలసంకేతంతో సహా దొరుకుతున్న గోడో అనే ఆటల ఇంజిన్, బొమ్మల కోసం ఉచితంగా దొరికే బ్లెండర్ చాలు. వీటితో ఒక సాధారణ కంప్యూటర్ మీద చిన్న ఆట పూర్తిచేయవచ్చు.

మన ప్రాంతానికి దీని అర్థం ఏమిటో ఒక ఉదాహరణతో చూడండి. జైనూర్‌కు సమీపంలోని నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో వెలుగుచూసిన రాతప్రతుల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే ఆ లిపి అక్షరాలకు ప్రపంచవ్యాప్తంగా ఒకే సంకేతాలు ఏర్పడ్డాయి. తగిన ఫాంటు ఉంటే ఆ అక్షరాలతో పిల్లలకు అక్షరాభ్యాసం నేర్పే ఆటను మీరు కంప్యూటర్ మీద తయారు చేసి, పక్క ఊరి బడికి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వవచ్చు. లక్షల్లో అమ్ముడుపోయే అవకాశం లేని ఆ ఆటను ఏ కన్సోల్ యజమానీ ప్రచారం చేయడు. కంప్యూటర్ మాత్రం దాన్ని కాదనదు. గోండి, కొలామి మాట్లాడే పిల్లల చేతికి తమ భాషలో ఆట అందే దారి ప్రస్తుతం ఇటువైపే ఎక్కువగా తెరిచి ఉంది.

కనుక ప్రకటనల సంఖ్యను విలువకు కొలబద్దగా తీసుకోకండి. ఒక వస్తువు గురించి చాలా వింటున్నారంటే, మీరు దాన్ని వాడినంతకాలం ఎవరికో ఆదాయం వస్తోందని మాత్రమే ఖాయంగా చెప్పవచ్చు. ఒక వస్తువు గురించి ఏమీ వినడం లేదంటే అది పనికిరానిదని అర్థం కాదు. దానిమీద వాటా తీసుకొనేవాడు లేకపోవచ్చు.

7.9 సారాంశం

కన్సోల్ ఒక యజమాని గల మూసిన వేదిక. పెట్టెను తక్కువ లాభానికో, నష్టానికో అమ్మి, ఆటల అమ్మకంలో వాటా ద్వారా ఆదాయం పొందడం దాని పద్ధతి. అందువల్ల ఆడేవారిని పెంచే ప్రచారానికి ఖర్చు పెట్టడం యజమానికి లాభసాటి. కంప్యూటర్ 1981 నుంచి క్రమంగా ఎవరి సొత్తూ కాని వేదికగా మారింది. దాని విడిభాగాల తయారీదారులు తమ భాగాన్నే ప్రచారం చేసుకొంటారు. ఉమ్మడి ప్రచారానికి 'ఖర్చు లేని భాగస్వామి' సమస్య అడ్డు. 2008 నాటి కూటమి అనుభవం దీనికి నిదర్శనం. రెండు వేదికలూ చేతిలో ఉన్న మైక్రోసాఫ్ట్, వాటా వచ్చే వేదికనే ముందుకు నెట్టింది. హైదరాబాద్‌లో తయారైన రెండు ఆటల గతి కూడా వేదిక యాజమాన్యాన్ని బట్టే మారింది. స్టీమ్ రాకతో కంప్యూటర్ మీదా వాటాదారుడు, అతనితో పాటు కొంత ప్రచారం వచ్చాయి. ప్రచారం లేకపోవడం వల్ల అవగాహన తగ్గుతుంది, కానీ అనుమతి అక్కరలేని స్వేచ్ఛ మిగులుతుంది.

7.10 పారిభాషిక పదాలు

వేదిక: అమ్మేవారూ కొనేవారూ కలుసుకొనే యంత్రం, దుకాణం లేదా స్థలం.
మూసిన వేదిక: యజమాని అనుమతితో మాత్రమే ఇతరులు సరుకు అమ్మగల వేదిక.
తెరిచిన వేదిక: ఎవరి అనుమతీ లేకుండా ఎవరైనా సరుకు తయారు చేసి అమ్మగల వేదిక.
ఇరుపక్షాల విపణి: రెండు వేర్వేరు వర్గాలను కలిపి, ఒకరి రాకతో మరొకరికి విలువ పెంచే వ్యాపారం.
ఖర్చు లేని భాగస్వామి: ఉమ్మడి పనికి ఖర్చు పంచుకోకుండా దాని మేలు మాత్రం అనుభవించేవాడు.
తైబజారు: అంగడిలో కూర్చొనే చోటుకు కట్టే రుసుము.

7.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు సుమారు 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. కన్సోల్ సంస్థ పెట్టెను నష్టానికి అమ్మి కూడా ప్రచారానికి ఎందుకు ఖర్చు పెడుతుంది? ఊహాత్మక లెక్కతో వివరించండి.
2. కంప్యూటర్ ఆటల ఉమ్మడి ప్రచారానికి ఎదురైన ఆటంకాలను చర్చించండి.

II. క్రింది ప్రశ్నలకు సుమారు 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. విండోస్ లైసెన్సు రుసుమును తైబజారుతో ఎందుకు పోల్చవచ్చు?
2. 1983 నాటి అమెరికా సంక్షోభం నుంచి నింటెండో నేర్చుకొన్న పాఠం ఏమిటి?
3. 'గజిని – ది గేమ్', 'హనుమాన్: బాయ్ వారియర్' ఆటలకు లభించిన అండలో తేడా ఏమిటి?

III. క్షేత్ర కార్యం
మీ మండల కేంద్రంలో ఒక గంట నడిచి, అక్కడ కనిపించే ప్రకటన బోర్డులను జాబితా రాయండి. ప్రతి బోర్డు ఎదురుగా 'ఈ వస్తువును నేను వాడుతున్నంత కాలం ఎవరికి వాటా వస్తుంది?' అనే ప్రశ్నకు జవాబు రాయండి. తరువాత మీ ఇంట్లో రోజూ ఉపయోగపడుతున్నా ఎక్కడా ప్రకటన కనిపించని మూడు వస్తువులను గుర్తించి, వాటికి బోర్డు ఎందుకు లేదో ఈ యూనిట్‌లోని సూత్రం ఆధారంగా వివరించండి.